చెరువుకి తాళం

మన ప్రభుత్వం నీళ్ళని కాపాడడం లేదని ఎవరండీ అన్నది? అన్నవాళ్ళు ముక్తేశ్వరం అవతల, కాలవగట్టు మీదున్న ఆ ఊరు చూసి ఉండరు. ఊరి పేరెందుకు లెండి, పెద్దమనుషుల ఊరు! ఎనభై ఒకటో సంవత్సరంలో ఆ ఊరి మంచినీళ్ళ చెరువుకి సర్కారువారు కల్పించిన భద్రత బ్యాంకులకి కూడా ఉండేది కాదు. చుట్టూ ముళ్ళకంచె, ముందు ఇనుప గేటు, గేటుకి అరచేయంత తాళం! ఒక్క చుక్క ఏ గొంతులోకీ జారకుండా కాపాడారు. ఇంతకంటే రక్షణ ఇంకేం కావాలి?

ఆ మహాభాగ్యం ఊరికి ఎలా పట్టిందో తెలియాలంటే ముందు దానియేలు సంగతి తెలియాలి.

దానియేలు ఆ ఊరి క్రైస్తవ పేటలో పుట్టినవాడు. తాతలంతా పొలం పనులవాళ్ళు. ఇతను మిషన్ స్కూల్లో చదివి, అమలాపురంలో డిగ్రీ చేసి, చాలా కాలం చెప్పులు అరగదీసి, చివరికి గవర్నమెంటు ఉద్యోగం సంపాదించాడు. కొత్తగా పెట్టిన నీటి నాణ్యత పరిరక్షణ విభాగంలో నమూనా సహాయకుడు! ఊరూరా తిరిగి, మంచినీళ్ళ చెరువుల్లోంచి సీసాతో నీళ్ళు పట్టి, పట్నంలో లేబరేటరీకి పంపడం అతని పని. ప్రభుత్వం అతనికి ఒక ఖాకీ సంచి, గాజు బిరడా సీసాలు, ఒక ఐసు పెట్టె ఇచ్చింది. ఐసు మాత్రం ఇవ్వలేదు. అన్నీ ప్రభుత్వమే ఇవ్వాలంటే ఎలా?

మొదటి నమూనా సొంత ఊరిదే పట్టమన్నారు. దానియేలు పొంగిపోయాడు. ఎందుకంటే ఏటా వేసవి వచ్చేసరికి పేటలో సగంమంది పచ్చకామెర్లతో మంచమెక్కేవారు. కారణం అందరికీ తెలిసిందే. చెరువులోకి నీళ్ళు వచ్చే పిల్లకాలవలో ప్రెసిడెంటు సుబ్బరాజు గారు తమ పీచు ఫ్యాక్టరీ కోసం కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలు నానబెట్టేవారు. అవి నెలల తరబడి కుళ్ళి, చెరువు నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. వాసన మాత్రం టీ వాసన కాదు! సీసా ఒక్కసారి పట్నం చేరితే చాలు, సర్కారువారే కళ్ళు తెరిచి డొక్కలు తీయిస్తారని దానియేలు ఆశ.

రేవులో అతనికంటే ముందే సుబ్బరాజు గారు కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు.

"రారా దానియేలూ! అయ్యో, నా మతిమండా! దానియేలు గారూ అనాలి కదా ఇప్పుడు. దయచేయండి, దయచేయండి!"

"ఆయ్, పర్లేదండి."

"ఎండ చూసేరా ఎలా మండిపోతుందో! ముందు బొండం తాగండి. ఆ సీసా ఇలా ఇవ్వండి. మనూరి నించి పట్నం వెళ్ళే సీసాలో ఈ కంపునీళ్ళు పంపుతామా అండీ? అవతలాళ్ళేమనుకుంటారు? సూరయ్యా, ఇంకో బొండం కొట్టు!"

పాలేరు సూరయ్య బొండం కొట్టాడు. సుబ్బరాజు గారు స్వహస్తాలతో గవర్నమెంటు సీసాలో పోశారు.

"చెరువు నీళ్ళు పట్టాలండి," అన్నాడు దానియేలు, గొంతు పెగుల్చుకుని.

"ఇవేంటనుకున్నారు మరి? చెరువు గట్టుమీద చెట్టు కాదా అండీ ఇది? ఈ నీళ్ళే వేళ్ళలోంచి ఎక్కి, మాను పొడుగునా వడకట్టుకుని, పైన కాయలో చేరేయి. ఇంత ఫిల్టరు మీ డిపార్టుమెంటులో ఉందా?" అని నవ్వి, తర్వాత చాలా మెత్తగా అడిగారు. "మీది ఇంకా పర్మినెంటు అవలేదంట కదండీ?"

దానియేలు సీసాకి బిరడా పెట్టేశాడు.

పాఠకులారా, మన లేబరేటరీలు పనిచేయవని ఎవరో అంటుంటారు. శుద్ధ అబద్ధం! ఆ సీసాని శాస్త్రోక్తంగా పరీక్షించారు. రంగు లేదు, దుర్వాసన లేదు, క్రిములు లేవు అని తేల్చారు. రుచి అమోఘం అన్నారు. కొద్దిగా తీపి ఉన్నందువల్ల మధుమేహం ఉన్నవారు మితంగా పుచ్చుకోవాలని సలహా కూడా ఇచ్చారు!

హైదరాబాదులో ఆనందానికి హద్దు లేకపోయింది. ఇంత మధురమైన చెరువు రాష్ట్రంలో ఉండగా మనకి తెలియకపోవడమేమిటి? డైరెక్టరు గారే స్వయంగా వస్తారని, జనం ముందు ఆ నీళ్ళు తాగి, దాన్ని ఆదర్శ తటాకంగా ప్రకటిస్తారని కబురొచ్చింది. సుబ్బరాజు గారు షామియానా చెప్పారు, బ్యాండుమేళం చెప్పారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దానియేలు కూతురు సుందరి కళ్ళు పచ్చబడ్డాయి. ఒకటో క్లాసు చదివే పిల్ల. అన్నం చూస్తే వాంతి, లేస్తే తూలు. తల్లి సుగుణ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోల చేసే మనిషి కాదు.

"ఏమండీ, మీరు సీసాలో పట్టిన నీళ్ళు ఏ చెరువువండీ? ఎక్కడుందో చెప్తే బిందె పట్టుకెళ్తాను," అంది.

 దానియేలు కూతురి అరికాళ్ళు నిమురుతూ కూర్చున్నాడు. అవి కూడా పచ్చగా ఉన్నాయి. కంచంలో అన్నం అలాగే చల్లారిపోయింది.

సభ రోజు వేదిక మీద వెండి కూజా పెట్టారు. సుబ్బరాజు గారు అందులో మళ్ళీ లేత బొండాలే కొట్టించారని వేరే చెప్పాలా? డిపార్టుమెంటు మనిషి కనుక గ్లాసులో పోసి అందించే గౌరవం దానియేలుకి దక్కింది. దండలు వేస్తున్న సందట్లో అతను కూజా తీసుకుని షామియానా వెనక్కి వెళ్ళాడు. బ్యాండువాళ్ళు దాహంతో ఉన్నారు. కూజా వాళ్ళకి వంచేశాడు. తర్వాత రేవులోకి దిగి, చెరువులో ముంచుకొచ్చాడు.  ఉద్యోగం పోయినట్టేననుకున్నాడు. అయినా గ్లాసు నిండా పోశాడు.

డైరెక్టరు గారు గ్లాసెత్తారు. బ్యాండు ఆగింది. గ్లాసు ముక్కు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఇదేమిటయ్యా?"

"ఆయ్, మా చెరువు నీళ్ళేనండి. మా అమ్మాయి రోజూ తాగేవి ఇవేనండి."

సుబ్బరాజు గారి మొహం చూడాలి!  ఇప్పుడు తాగితే ప్రాణానికి ముప్పు, తాగకపోతే పరువుకి ముప్పు. కానీ డైరెక్టర్లు ఊరికే అయిపోతారా? ఆయన గ్లాసుని పసిబిడ్డలా మెల్లగా బల్ల మీద దించి, మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఇటువంటి నీరు నేనెక్కడా చూడలేదు! ఇది జాతి సంపద. మనమే తాగేస్తే రేపటి తరాలకి ఏం మిగులుతుంది? కనుక నేటి నుంచి ఈ చెరువుని ఎవరూ ముట్టకుండా ప్రభుత్వం కాపాడుతుంది!"

చప్పట్లు మోగాయి. ఆయన సోడాతో చేతులు కడుక్కుని జీపెక్కారు.

పేటకి రోడ్డు వేయమని తాతల నాటి నుంచి అడుగుతున్నా రాని ప్రభుత్వం కంచె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది! గేటు తాళం చెవి మాత్రం బాధ్యత గల స్థానికుడి దగ్గర ఉండాలన్నారు. సుబ్బరాజు గారికంటే బాధ్యత గలవారెవరు? ఇక లోపలికి చూసేవాళ్ళే లేరు కనుక ఆయన పిల్లకాలవ దాకా శ్రమ పడడం మానేసి, డొక్కలు నేరుగా చెరువులోనే దించారు. దానియేలు ఉద్యోగం కూడా పోలేదు. ఇంత గొప్ప చెరువుని వెలుగులోకి తెచ్చినందుకు పర్మినెంటు చేశారు!

ఆ కబురు చెబితే సుగుణ నవ్వలేదు. పేట ఆడవాళ్ళంతా ఎండలో గోదావరి పాయ దాకా నడిచి బిందెలు మోస్తున్నారు.

"తాళం చెరువుకే కదండీ వేసేరు?" అంది. "చేతిపంపుకి వెయ్యలేదుగా?"

చేతిపంపు కథ ఊళ్ళో అందరికీ తెలుసు. పేటకని మంజూరైన గవర్నమెంటు పంపుని, భద్రంగా ఉంటుందని సుబ్బరాజు గారు తమ పెరట్లో దింపించుకున్నారు. ఆ గడప పేటవాళ్ళు ఏనాడూ దాటలేదు.

మర్నాడు పొద్దున్నే సుగుణ దాటింది. వెనకాల పేట ఆడవాళ్ళంతా బిందెలతో వరస కట్టారు.

"నమస్కారమండీ ప్రెసిడెంటు గారూ. గవర్నమెంటు పంపు ఇక్కడున్నాదని తెలిసి వచ్చేమండి."

"ఇది నా ఇల్లు!"

"ఆయ్, ఇల్లు మీదేనండి. పంపు మాదండి. నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోతామండి. కాస్త అటు జరుగుతారేంటండీ, బిందె తగులుద్ది."

ఒక్కరూ గొంతు పెంచలేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు, కొడితే పోలీసుల్ని పిలవొచ్చు. ఇంత మర్యాదని ఏం చేసుకోవాలి? వరస పెరటి నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి వీధి దాకా పాకింది. అమలాపురం నుంచి కొబ్బరి బేరానికి వచ్చిన షావుకార్లు లోపలికి దారిలేక అరుగు మీద నిలబడ్డారు. పంపు దగ్గర చొక్కా విప్పి పిడి కొడుతున్నది మరెవరో కాదు, దానియేలు!

"గవర్నమెంటు నౌకరువి, నీకిక్కడేం పనిరా?" అని గర్జించారు సుబ్బరాజు గారు.

"నీళ్ళు చూడడమే మా డిపార్టుమెంటు పనండి," అన్నాడు. ఈసారి గొంతు పెగుల్చుకోవలసిన అవసరం రాలేదు.

మర్నాడూ అదే వరస. మూడో రోజు మధ్యాహ్నం ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. సుబ్బరాజు గారి భార్య జయమ్మ గారు ఇత్తడి బిందె పట్టుకుని పెరట్లోకి వచ్చారు. పరాయి మనుషుల ముందుకి ఆవిడ రావడం ఊరు ఎన్నడూ ఎరగదు. పేటవాళ్ళు కంగారుగా దారి ఇచ్చారు.

"వద్దమ్మా, మీరే ముందొచ్చేరు," అంటూ జయమ్మ గారు వెళ్ళి సుగుణ వెనకాల నిలబడ్డారు. తర్వాత వరండాలో ఉన్న భర్త వైపు తిరిగారు. "పొద్దుట్నించి పొయ్యి మీద ఎసరు లేదండి. చెరువు తాళంచెవి మీ మొలతాడుకే ఉందంట కదా? గేటు తీసి, ఆ డొక్కలు పైకి తీయించండి. లేదంటే రోజూ ఇలాగే వరసలో నిలబడతాను. నాకేం సిగ్గులేదు, మీకుంటే చూసుకోండి."

ఆ రోజు కూడా అరుగు మీదే ఆగిపోయిన షావుకార్లు ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే గేటు తెరుచుకుంది. డొక్కలు గట్టెక్కాయి. పీచు కోసం ఫ్యాక్టరీ వెనకాల వేరే గొయ్యి తవ్వారు. చెరువు తోడించి, బురద ఎత్తించి, కాలవ వదిలాక కొత్తనీళ్ళు పట్టారు. సుందరి మెల్లగా కోలుకుని బడికి వెళ్ళింది.

ప్రభుత్వంవారు కూడా ఊరుకోలేదు. కంచె వల్ల ఆ చెరువులో నీటి నాణ్యత అద్భుతంగా మెరుగుపడిందని పత్రికలకి ప్రకటన ఇచ్చారు. అదే రక్షణ మిగతా ఊళ్ళకీ మంజూరు చేస్తున్నారట.

కనుక ఆ ఊళ్ళ ఆడపడుచులకి మనవి. సర్కారువారిని నిందించకండి. కంచె వేస్తే వేయనివ్వండి, తాళం పెడితే పెట్టనివ్వండి. ఈలోగా మీ ఊరి పంపు ఎవరి పెరట్లో ఉందో మాత్రం కనుక్కుని ఉంచుకోండి!