చంద్రుణ్ణి ప్రజలకు అంకితం చేసిన సాయంత్రం

వచ్చే శనివారం పౌర్ణమి చంద్రుణ్ణి ప్రజలకు అంకితం చేస్తున్నట్టు మా కార్పొరేటర్ బుచ్చిరాములు గారు 1997 ఫిబ్రవరిలో పత్రికలకు ప్రకటన ఇచ్చారు. అప్పటిదాకా చంద్రుడు ఎవరికీ అంకితం కాకుండానే తిరుగుతున్నాడని సూరత్ తెలుగువాళ్లకు తెలియదు.

టెలిస్కోపు మాత్రం శివకృష్ణది. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి ఆల్థాన్ మైదానంలో అందరికీ ఉచితంగా ఆకాశం చూపిస్తాడు. ఆ శనివారం ఎండ ఉండగానే దాన్ని సరిచూసుకోవడానికి దూరంగా ఏదైనా వస్తువు కావాలన్నాడు. తూర్పున మేడ మీద కార్పొరేటర్ గారి ముప్పై అడుగుల కటౌట్ ఉండగా ఇంకేం వెతకాలి? దానికే గురిపెట్టాడు.

పార్టీ కార్యకర్త మొండయ్య కన్ను పెట్టి కెవ్వుమన్నాడు.

"ఏంది సార్ గిది! అన్నను తలకిందులు జేసిన్రు!"

"ఇందులో అన్నీ అట్లాగే కనిపిస్తాయండీ. చంద్రుడు కూడా."

"చంద్రునికి ఎలక్షన్లు లెవ్వు. అన్నను సీదా జెయ్యి. లేకుంటే పర్మిషన్ క్యాన్సిల్!"

శివకృష్ణ అద్దాల సంగతి వివరించాడు. మొండయ్య శ్రద్ధగా విని, నలుగురిని వెంటబెట్టుకుని మేడెక్కి, కటౌట్‌నే తలకిందులుగా తిరగేసి కట్టించాడు. ఇంత చురుకైన పరిపాలన కార్పొరేషన్ గుమాస్తాగా నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

సాయంత్రం క్యూలో ముందు వెంకటవ్వ నిలబడింది. పాండేసరలో మగ్గాల షెడ్డులో పని. ఎనిమిదికి షిఫ్టు. షెడ్డుకు కిటికీల్లేవు.

"చందమామ మీద గుంతలుంటయంట. జర సూసి పోత," అంది. శివకృష్ణ తన స్టూలు తుడిచి ఆమెకు వేశాడు.

కార్పొరేటర్ గారు ఏడింటికి వచ్చి, కన్ను పెట్టి, నిటారుగా ఉన్న తమను తాము అయిదు నిమిషాలు దర్శించుకున్నారు.

"సైన్స్ ఎంత ముందుకు పోయిందిరా మొండయ్యా!"

"సార్, ఇక చంద్రుడి వైపు తిప్పుతాను," అన్నాడు శివకృష్ణ.

"ముట్టకు! ప్రజలు గూడ సూడాలె."

మొండయ్య గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. వెంకటవ్వ వంతు వచ్చింది.

"షిఫ్టుకు యాళ్లయితుంది బిడ్డా. చందమామేది?"

శివకృష్ణ మేడ వైపు చూశాడు. చంద్రుడు సరిగ్గా కటౌట్ పై అంచు వెనక నుంచే పైకి వస్తున్నాడు. "ఒక్క నిమిషం కన్ను తియ్యకు అవ్వా," అన్నాడు మెల్లగా.



"అగో, అచ్చిండు! ఎంత తెల్లగున్నడో!" అని స్టూలు మీద చిన్నపిల్లలా ఎగిరింది వెంకటవ్వ. తర్వాత గొట్టంలోకే కసిరింది. "ఓ అయ్యా, జర కాళ్లు పక్కకు జరుపు! చందమామకు అడ్డమున్నయ్!"

బుచ్చిరాములు గారు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. రెండడుగులు పక్కకు జరిగారు.