రెండో తుమ్ము

ఆ పొద్దున మందను తమ్ముడికి అప్పగించి, బస్సెక్కి కల్వకుర్తి దవాఖానకు పోవాలని మల్లప్ప అనుకున్నాడు. ఎడమ కంటి కింద, చెంప లోపల నొప్పి వారం రోజులుగా ప్రాణం తోడేస్తోంది. గొర్రెపిల్లను ఎత్తుకుందామని వంగితే ముఖం ఊడి కింద పడుతుందేమో అన్నంత బరువు. దానికి తోడు వదలని జలుబు. పన్ను నొప్పి అనుకొని ఊళ్లోనే ఒక పన్ను పీకించుకున్నాడు. పన్ను పోయింది గాని నొప్పి పోలేదు. ఇక లాభం లేదని బావమరిది గుర్వయ్య, పొద్దుగూకే వేళకు వచ్చి కొడవలి కాల్చి చెంపకు వాత పెడతానని మాటిచ్చాడు. గొర్రెలకు పెట్టి పెట్టి చెయ్యి తిరిగినవాడు, పైగా మాట తప్పని మనిషి. మల్లప్ప భయమంతా అదే.

గడప దాటబోతూ మల్లప్ప తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

"జర కూసో. నీళ్లు తాగి పోదువు," అంది భార్య బీరమ్మ.

"గీ ముక్కు బాగ లేకనే గదనే దవాఖానకు పోతున్న."

"ఏడికి పోయినా ఒంటి తుమ్ము ఒంటి తుమ్మే."

కూర్చున్నాడు, తాగాడు, లేచాడు, మళ్లీ తుమ్మాడు. ఇలా బిందె సగమైంది. చివరికి బీరమ్మే అతని ముక్కుకు తన కొంగు అడ్డం పెట్టి, పసిపిల్లవాణ్ణి నడిపించినట్టు రోడ్డు దాకా నడిపించి బస్సెక్కించి, తానూ ఎక్కింది.

బస్సు కదలబోతుండగా కొంగు జారింది. మల్లప్ప తుమ్మాడు. డ్రైవర్ సోమన్న ఇంజను ఆపేశాడు. బస్సులో ఎద్దులు కొనబోయేవాళ్లున్నారు, పిల్లను చూడబోయేవాళ్లున్నారు. అపశకునానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"ఇంకోటి తుమ్మరాదు మల్లన్నా. జంట తుమ్మైతే ఫికర్ లేదు," అని సోమన్న బతిమాలాడు.

"రాంది ఏడికెల్లి తేవాలె?"

ముందు సీట్లో కల్వకుర్తి దవాఖాన డాక్టరు ఉన్నారు. కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినాయన. మల్లప్ప చెంప పట్టుకోవడం చూసి లేచి వచ్చి, పీకించుకున్న పన్ను సంగతి విని, కంటి కింద వేలితో నొక్కారు. మల్లప్ప కెవ్వుమన్నాడు.

"ఇది పన్ను కాదయ్యా. ముక్కు పక్క ఎముకలో చిన్న గదిలాంటిది ఉంటుంది, అందులో చీము పట్టింది. దవాఖానలో చూస్తాను. తుమ్ముకి బస్సు ఆపడమేంటి, పోనివ్వండి."

"పోనిస్త సారూ. రెండోది రానియ్యుండ్రి," అన్నాడు సోమన్న.

వెనక నుంచి సైదమ్మ అవ్వ ముక్కుపొడి డబ్బీ అందించింది. మల్లప్ప గట్టిగా పీల్చాడు. రెండోది వచ్చింది. బస్సంతా సంతోషించింది. ఇంజను స్టార్టయ్యేలోపే మూడోది వచ్చింది. సోమన్న ఆపేశాడు. మళ్లీ ముక్కుపొడి, మళ్లీ తుమ్ము, మళ్లీ ఇంజను. ఆఖరికి జంటగా వచ్చిన రెండు తుమ్ములకు లోపలేదో కట్ట తెగింది. బీరమ్మ కొంగు తడిసిపోయింది. ఆ వాసనకు ఎద్దుల బేరగాళ్లు కిటికీల వైపు తిరిగారు.

మల్లప్ప మెల్లగా ముందుకు వంగి చూశాడు. బరువు లేదు.

"తక్వైందే," అన్నాడు. బీరమ్మ కళ్లు తుడుచుకుందామని కొంగు ఎత్తి, చూసి, మానుకుంది.

"ఇగ దిగుదాం పా," అన్నాడు మల్లప్ప.

"దిగొద్దు," అన్నారు డాక్టరు. "మందు వాడకపోతే చీము మళ్లీ చేరుతుంది."

"దిగితే మా తమ్ముడు గుర్వయ్య ఉన్నడు, కొడవలున్నది. నీ ఇష్టం," అంది బీరమ్మ.

మల్లప్ప కూర్చున్నాడు. సోమన్న బస్సు కదిలించాడు. బస్సంతా ముక్కుపొడి ఘాటు. డాక్టరు గారు తుమ్మారు. ఒక్కటే తుమ్ము.

ఇంజను ఆగింది. బస్సులో అందరూ ఆయన వైపే చూశారు. మల్లప్ప డబ్బీ మూత తీసి మర్యాదగా ముందుకు చాచాడు.

"తీస్కో సారూ. జర గట్టిగ పీల్సాలె."

డాక్టరు గారు ఓసారి గడియారం చూసుకొని, చిటికెడు తీసుకున్నారు.