ఒకసారి వేసి మరిచిపోవలసిన ఎరువు

కాపురాలు చల్లగా ఉండాలంటే ప్రతి బాల్కనీలోనూ కూరగాయల కుండీలు ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం! నవ్వకండి. అనుభవించి చెబుతున్నాను.

మా ఇంట్లో ఈ విప్లవం తెచ్చినవాడు మా బావమరిది. వృత్తి ఇన్సూరెన్స్ ఏజెంటు, వ్యవసాయం వీడియోల్లో నేర్చాడు. టమాటా నారు వేసిన కుండీలు, వర్మీకంపోస్ట్ బస్తా ఒకటి, పసుపు గుళికల డబ్బా ఒకటి తెచ్చి హాల్లో దించాడు.

"అక్కా, ఇది స్లో రిలీజ్ ఎరువు. ఒకసారి వేసి మరిచిపో. నెలల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతూ దానంతటదే మొక్కకి తిండి పెడుతుంది" అన్నాడు.

ఎంత గొప్ప శాస్త్రం! కానీ మరిచిపోవడం మా ఇంటావంటా లేదే! వారం తిరక్కుండానే మా ఆవిడ ఫోను: "పూత రాలేదేంట్రా?" అటునుంచి ఏజెంటుగారి సలహా: "ఆకలేస్తోందేమో, ఇంకో గుప్పెడు వెయ్యి." నిదానంగా పనిచేసే మందుకి తొందరపడి డోసు పెంచే తెలివి ఇంకెవరికుంటుంది? గుళికల మీద కంపోస్టు, కంపోస్టు మీద మళ్ళీ గుళికలు. టమాటా మొక్క బలిసి కిటికీ ఎక్కింది. ఆకులు అరచేతులంత. కాయల మాటంటారా? కాయలకేం, బజార్లో దొరుకుతాయి. మేమూ అక్కడే కొంటున్నాం.

లాభాలు చూడండి! ఆ కంపోస్టు వాసనకి ఎదురింటివాళ్ళు మా గుమ్మం తొక్కడం మానేశారు. కుండీల నీళ్ళు కారి కింది అంతస్తువాళ్ళ తెల్లచొక్కాలకి ఉచితంగా రంగు పడుతోంది. వాళ్ళ పుణ్యమా అని నాకు కొత్త తిట్లు వచ్చాయి. ఇంత మేలు ఏ పార్కు చేస్తుంది?

పొద్దున్నే మేమిద్దరం బాల్కనీలో టీ తాగే కుర్చీలు రెండూ ఒకదాంట్లో ఒకటి దూరి బాత్రూం పక్కకి చేరాయి. అదీ మంచిదే. ఇప్పుడు నేను నిలబడి తాగుతున్నాను, నడుముకి వ్యాయామం.

ఆవిడ మాత్రం లేస్తూనే టమాటా దగ్గర కూర్చుంటుంది. "ఏమ్మా, వాడిపోయావేం? ఒంట్లో బాలేదా?" అని బుజ్జగిస్తుంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో నాతోనూ అలాగే మాట్లాడేది.

మొన్న నాకు జ్వరం. దుప్పటి కప్పుకుని వెళ్ళి, అడుగుతుందేమోనని బాల్కనీ రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడ్డాను. ఓ దగ్గు కూడా దగ్గాను. ఒకసారి వేసి మరిచిపోవడం ఆవిడకి రాదన్నానా? తప్పు! అప్పుడెప్పుడో నాకు వేసిన ప్రేమ ఇంకా కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉందని ఆవిడ నమ్మకం కాబోలు.

రెండోసారి దగ్గాక తలెత్తి చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కాస్త పక్కకి జరగండి, దానికి ఎండ తగలట్లేదు" అంది.