కోసిన చరణానికి సంతకం

మంగళవారం పొద్దున ప్యో ఇన్‌బే పెట్టుకున్న పని ఒక్కటే. గున్సాన్‌లో ఉన్న ఒక పెద్దాయనకు ఫోన్ చేసి సంతకం అడగడం, ఆపైన తీరిగ్గా చల్లని నూడుల్స్ తినడం. సియోల్‌లోని ఒక కచేరీల సంస్థలో పాటల హక్కుల వ్యవహారం చూసేది అతనే. శనివారం డెబ్బై రెండేళ్ళ గాయని బోంగ్ ఏరాన్ కచేరీ. ఆమె 'ఉప్పుగాలి' పాడందే జనం కుర్చీల్లోంచి లేవరు. పాడుకోవడానికి రచయితల సంఘం ఎప్పుడో అనుమతి ఇచ్చింది. కానీ చివరి చరణంలోని పై స్థాయి ఆమె గొంతుకు ఇప్పుడు అందడం లేదు. ఆ చరణం కోసెయ్యాలంటే మాత్రం రాసినవాడే ఒప్పుకోవాలి. రాసిన తాక్ కిజున్, అంటే ఆ గున్సాన్ పెద్దాయన, ఒకప్పుడు ఆమె భర్త. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"మాస్టారూ, చివరి చరణం తీసెయ్యడానికి మీ అనుమతి కావాలండి."

"అక్షరం కూడా తియ్యనివ్వను. ఎందుకు తియ్యాలట?"

"ఆవిడకి ఊపిరి అందట్లేదండి."

"అందాకా వచ్చిందా? ఎన్నాళ్ళుంది?"

"శనివారం దాకానేనండి," అన్నాడు ఇన్‌బే, గడువు సంగతి అడుగుతున్నాడనుకుని.

ముసలాయన వెక్కివెక్కి ఏడిస్తే గానీ తానేమన్నాడో అతనికి అర్థం కాలేదు. "అయ్యో, అది కాదండీ" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో, "కాగితం పంపించు బాబూ, ఇప్పుడే సంతకం పెడతా," అన్నాడు కిజున్. ఇన్‌బే ఆ మాట మింగేశాడు.

అరగంటలో ఫ్యాక్స్ వచ్చింది. సంతకం కింద వణుకుతున్న రాతలో ఒక వాక్యం: 'విడిపోయిన ఆ రోజు స్టేషన్‌కి రాకపోవడం నా తప్పేనని ఏరాన్‌తో చెప్పండి.' చెబితే గుట్టు బయటపడుతుంది. ఇన్‌బే కాగితాన్ని ఫైల్లో పెట్టేశాడు.

బుధవారం కిజున్ తన పాత డ్రమ్మరుతో చెప్పుకుని ఏడ్చాడు. డ్రమ్మరు అభిమాన సంఘానికి చెప్పాడు. గురువారానికి టిక్కెట్లన్నీ అయిపోయాయి. సంస్థ డైరెక్టర్ గ్యుహో వచ్చి ఇన్‌బే భుజం చరిచాడు.

"ఏం ప్రచారమయ్యా! టీవీ వాళ్ళు ప్రసార హక్కులు కొనేశారు. 'ఉప్పుగాలి' ఉండి తీరాలని ఒప్పందం."

"సార్, ఆవిడ నిక్షేపంలా ఉన్నారు..."

"ఉండనీ. పోతారని మనమేమైనా రాశామా?"

శుక్రవారం హాలు గుమ్మంలో పూలగుత్తులకు బదులు అభిమానులు ఎప్పుడూ పంపే బియ్యం బస్తాలు వరసగా నిలబడ్డాయి. ఈసారి వాటి మీద చావుకి పెట్టే తెల్ల చామంతులు. ఏరాన్ కళ్ళజోడు పెట్టుకుని ఒక రిబ్బను చదివింది. "'ప్రశాంతంగా వెళ్ళిరండి' అట. ఎక్కడికయ్యా వెళ్ళాలి నేను?"

"బ... బుసాన్ కచేరీకేమోనమ్మా."

శనివారం మధ్యాహ్నం కిజున్ నల్లసూటులో వచ్చాడు. మేకప్ గదిలో ఏరాన్ రెండు బుగ్గల నిండా కింబాప్ అన్నపుచుట్టలు తింటోంది.

"బతికే ఉన్నావా?"

"ఏం, కష్టంగా ఉందా?"

సంగతి తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. కిజున్ ముఖం ఎర్రబడింది. "నన్ను ఏడిపించి సంతకం పెట్టించుకున్నావట్రా!" అంటూ ఇన్‌బే చేతిలోని ఫైల్లోంచి ఆ కాగితం లాక్కుని రెండుగా చింపాడు. "నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నా. పాడితే మొత్తం పాడండి, లేదా మానెయ్యండి!" తలుపు ధడాలున మూసుకుంది.

ఏరాన్ వంగి ముక్కలు ఏరి, బల్ల మీద అతికించినట్టు పెట్టి చదివింది.

"ఇది మంగళవారం వచ్చిందా?"

"అవునమ్మా."

"ఆ రోజే చూపిస్తే నేనే గున్సాన్ వెళ్ళేదాన్ని కదయ్యా."

"ఇప్పుడైనా పిలుస్తానమ్మా, ఇంకా బయటే ఉంటారు."

"వద్దులే. ఇది చచ్చిపోతున్నదానితో అన్న మాట. నాతో కాదు."

ఆ సాయంత్రం ఆమె అన్ని పాటలూ పాడింది. చివర్లో, "'ఉప్పుగాలి' ఈ రోజు నేను పాడకూడదు," అని మైకు దించేసింది. బాల్కనీలో ఎవరో పాట అందుకున్నారు. ఒక్కొక్క వరసే కలిసింది. కోసెయ్యాలనుకున్న చరణం కూడా వచ్చింది. వెనక తలుపు దగ్గర పళ్ళు బిగించి నిలబడ్డ కిజున్‌ను ఇన్‌బే చూశాడు. పై స్థాయి దగ్గర ఆ ముసలి గొంతూ తెగబడి లేచింది. వేదిక మీద ఏరాన్ చప్పున తల తిప్పి ఆ వైపు చీకట్లోకి వెతికింది.

దీపాలు వెలిగేసరికి అక్కడ ఎవరూ లేరు. ఇన్‌బే బస్‌స్టాండు దాకా పరిగెత్తాడు. గున్సాన్ బస్సు వెళ్ళిపోయింది.

సోమవారం టీవీ వాళ్ళు, ప్రసారం కోసం 'ఉప్పుగాలి' పాడినదెవరో రాసిమ్మన్నారు. 'మూడు వేల నూట పన్నెండు మంది, రచయితతో కలిపి' అని రాసిచ్చాడు ఇన్‌బే.