మొలిచే కాగితానికి మొదటి బహుమతి

బళ్లో పిల్లలకు ప్రాజెక్టులు ఇవ్వడం దండగని గొణిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయ్యా, అవి పిల్లలకిచ్చారని మీకెవరు చెప్పారు? అవి మనకు! చదువు అటకెక్కించి ఇరవై ఏళ్లయినా మనల్ని గుర్తుపెట్టుకుని హోంవర్కు ఇచ్చే మహానుభావులు ఇంకెక్కడైనా ఉన్నారా?

రెండో తరగతి చదివే మా అమ్మాయి ప్రాజెక్టే చూడండి. తుక్కు కాగితాలు నానబెట్టి, రుబ్బి, గింజలు చల్లి కొత్త కాగితం చెయ్యాలట. దాన్ని మట్టిలో పాతితే మొక్కలొస్తాయట. ఎలా చెయ్యాలో పదకొండు పేజీలు పంపి, రంగుల్లో ప్రింటు తీసుకోమన్నారు. తుక్కు కోసం మనం వెతుక్కోనక్కర్లేకుండా ఎంత ముందుచూపో గమనించారా! అది చాలకపోతే నా పాత వ్యాసాలు ఉండనే ఉన్నాయి. నా రాతలకు మొలకెత్తే యోగం పట్టడం ఇదే మొదటిసారని మా ఆవిడ అంది.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. అమ్మాయి మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

"నాన్నా, నేను పిసుకుతా."

"నువ్వు ముట్టుకోకు, చెడగొడతావ్. అలా కూర్చుని చూడు" అన్నాను. పిల్లలు చూసి నేర్చుకోవాలి కదా!

మిక్సీ మా ఆవిడ వేసింది. పాపం, ఆ మిక్సీ తిరగడం అదే ఆఖరు. గుజ్జును జల్లెడ మీద పరిచే బాధ్యత ఇంజినీరైన మా బావమరిదిది. నాలుగు మూలలా మందం సమానంగా ఉందో లేదో స్కేలు పెట్టి మరీ కొలిచాడు. బంతి గింజలు నేను పేర్చాను, వరసల్లో, పట్టకారుతో. తర్వాత రెండు రోజులు నీడలో ఆరబెట్టాలట. తెల్లారితే ఇవ్వాల్సిన ప్రాజెక్టుకు అంత తీరిక ఎవరికుంది? ఇస్త్రీపెట్టె తీశాను.

"గింజలు కాలిపోవా నాన్నా?" అంది అమ్మాయి.

"మధ్యలో మాట్లాడకు."

ఆ నునుపు మీరు చూసి తీరాలి! 'పెద్దల సాయం లేకుండా విద్యార్థి స్వయంగా చేసినది' అన్నచోట నేనే సంతకం పెట్టాను.

ఫస్ట్ ప్రైజ్ రాక ఏమవుతుంది? కాగితం పాడవకుండా టీచరుగారు దానికి లామినేషన్ చేయించి గోడకు తగిలించారు. మట్టి మొహం చూసే ప్రమాదం తప్పింది. అమ్మాయి తెచ్చిన సర్టిఫికెట్‌ను ఫొటో తీసి బంధువులందరికీ పంపాను. అందులో తన పేరు లేదని మా బావమరిది కాస్త నొచ్చుకున్నాడు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మాయి బాల్కనీలో బకెట్ ముందు కూర్చుని ఉంది. గౌను ముందుభాగమంతా తడి. పక్కన గుప్పెడు గింజలు. నీళ్లలో సర్టిఫికెట్ ముక్కలు నానుతున్నాయి.

చేతిలో సంచి అక్కడే పడేశాను.

"ఎందుకు చించావమ్మా? అది నీ ప్రైజు కదా."

"అది నీది నాన్నా" అంది, తలెత్తకుండానే. "నాకు తుక్కు కాగితం కావాలి."

సిగ్గేసింది, దాచడమెందుకు! గుజ్జు పిసకడంలో సాయం చేద్దామని చొక్కా చేతులు మడిచి దగ్గరికి జరిగాను.

"నువ్వు ముట్టుకోకు, చెడగొడతావ్. అలా కూర్చుని చూడు" అంది.

కూర్చున్నాను.

కాబట్టి బడివారికి నా విన్నపం ఒక్కటే. ప్రాజెక్టులు ఆపకండి, మాకు ఇస్తూనే ఉండండి. పిల్లలకు కూడా ఏదైనా ఒకటి ఇవ్వండి, మాకు తెలియకుండా.