లోపలి గొంతులు మార్చబడును

ఆ పట్టణ మునిసిపల్ ఆఫీసులో మనిషి లోపలి గొంతును మార్చే కౌంటరు, కుళాయి పన్ను కౌంటరుకు పక్కనే ఉంటుంది. లోపల కూర్చుని నస పెట్టే గొంతును తీసేసి, మంచి మాటలు చెప్పే గొంతును పెడతారు. సర్వరు పనిచేస్తే అట్టే సేపు పట్టదు.

విజయదుర్గ తన కూతురు లిఖితను అక్కడికి తీసుకొచ్చింది. పదో తరగతి పిల్ల, లెక్కల్లో క్లాసు ఫస్టు. అలాంటిది ఈమధ్య పరీక్షల్లో తెల్లకాగితం ఇచ్చి వచ్చేస్తోంది. నీకేం రాదని లోపల ఎవరో అంటున్నారట. పబ్లిక్ పరీక్షలేమో నెత్తిమీదికొచ్చాయి.

గుమస్తా సోమలింగం నిబంధన ప్రకారం పాత గొంతును బయటికి లాగి, సరిచూసుకోవడానికి స్పీకరులో పెట్టాడు.

"మొద్దు మొహమా! నీవల్ల ఏమవుతుందే? ఏదో గాలివాటంగా ఫస్టొచ్చావు!"

కుళాయి పన్ను లైనంతా విజయదుర్గ వైపు తిరిగింది. ఇందాక "ఇదేనాండీ లైను?" అని వాళ్లను అడిగిన గొంతు అదే. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మీదేనామ్మా?" అన్నాడు సోమలింగం, మామూలుగానే. "ఎక్కువగా తల్లులవే వస్తాయిలెండి. నాన్నలవి గురువారం చూస్తాం."

"పొగిడితే దిష్టి కదండీ," అని గొణిగింది. "తల్లి దిష్టి అస్సలు మంచిది కాదంటారు. ఇది ఫస్టొచ్చిన రోజు ఎదురుగా ఏమీ అన్లేదండీ. వంటింట్లోకెళ్లి ఏడ్చాను, సంతోషంతో."

"వంటింట్లోవి ఇందులో ఎక్కవమ్మా."

గొంతు సొంతదారు ఎదురుగా ఉంటే కొత్త మాటలు వాళ్లచేతే చెప్పించాలి. సోమలింగం మైకు జరిపాడు. విజయదుర్గ కూతురి మొహంలోకి చూసింది. చెప్పాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది.

"నువ్వు చాలా తెలివైన..." అంది. వెంటనే దిష్టి గుర్తొచ్చి భయపడింది. "తెలివైన మొద్దువి," అని ముగించింది. మళ్లీ చెప్పించాడు. మళ్లీ అంతే. లిఖిత తలెత్తలేదు.

సోమలింగం విసుక్కోలేదు. ఇలాంటి వాళ్ల కోసం బస్టాండులో బస్సుల వేళలు చెప్పే ఆవిడ గొంతు ఉంచుకున్నారు. అది పెట్టాడు. "నువ్వు తెలివైనదానివి. నీకన్నీ వచ్చు," అని ఆవిడ లోపల చెప్పగానే లిఖిత మొహం విప్పారింది. ఊళ్లో చాలామంది పిల్లలకు ఆవిడే చెబుతోంది.

లిఖిత మళ్లీ లెక్కల్లో ఫస్టొచ్చింది. ఫలితాలు తెలియగానే, ఆ సంగతి చెప్పడానికి ఇంటికి కాదు, బస్టాండుకు పరిగెత్తింది. అక్కడ స్పీకరు కింద అప్పటికే పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు.

విజయదుర్గ కూతురికి దిష్టి తీద్దామని గుప్పిట్లో ఉప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెమటకు ఉప్పు కరుగుతోంది. ఆ వీధిలో గుమ్మం గుమ్మానికీ ఒక తల్లి అలాగే ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.