తల దించుకుని దాటిన గుమ్మం

ఆ రోజు అరిస్తేయా వేసుకున్న పథకం చాలా చిన్నది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని మొగుడికి చెప్పి పొద్దున బస్సెక్కాలి. కొండ మీద, లోయ మొదలయ్యేచోట దిగిపోవాలి. లోయ వెంబడి నడుచుకుంటూ వచ్చి, భోజనాల వేళకి ఏమీ ఎరగనట్టు వంటింట్లో ఉండాలి.

ఆ లోయ వాళ్ళ ఊరిదే. గ్రీసులోని క్రీటు ద్వీపం దక్షిణపు ఒడ్డున, లోయ వచ్చి సముద్రంలో కలిసేచోటే ఆమెకీ ఆమె భర్త మనూసోస్‌కీ ఓ హోటల్ ఉంది. ఎండాకాలమంతా టూరిస్టులు పైనుంచి నడిచి దిగుతారు. మోకాళ్ళదాకా దుమ్ము, కాలిన ముక్కులు, ఆకలి. వాళ్ళకి చేపలు వేపి పెట్టడం అరిస్తేయా పని. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటినుంచీ అదే పని. వాళ్ళ మొహాల్లో ఏదో వెలుగుండేది. "ఎలా ఉంది లోపల?" అని అడిగేది. వాళ్ళకి ఆమె భాష రాదు, ఆమెకి వాళ్ళ భాష రాదు. కాబట్టి రెండు చేతులూ చాచి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి చూపించేవారు. లోయలో ఒకచోట రెండు కొండలూ దగ్గరికి వచ్చి, ఆకాశం ఒక రిబ్బనంత మిగులుతుందట. ఊళ్ళో దాన్ని గుమ్మం అంటారు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు అరిస్తేయా పొయ్యికీ బీరువాకీ మధ్య నిలబడి, చేతులు చాచి, పైకి చూసేది. పైన మసి పట్టిన ఫ్యాను కనబడేది.

"ఏ వైపు నొప్పి?" అన్నాడు మనూసోస్ చేపలు తోముతూ.

"కుడివైపు."

"మరి ఎడమ దవడ పట్టుకున్నావేం?"

"అటు కూడా పాకింది" అని చెప్పి, ఆయన ఇంకో ప్రశ్న వేసేలోపల బుట్ట తీసుకుని బయటపడింది. బుట్టలో బార్లీ రొట్టెలు, జున్ను, టమాటాలు, ఆలివులు ఉన్నాయి. పంటి నొప్పితో ఇవన్నీ ఎవరు తింటారని ఆయనకి తట్టకపోవడం ఆమె అదృష్టం.

బస్సు నిండా విదేశీయులు. ఊరి మనిషి ఆమె ఒక్కతే. నల్ల గౌను, తలకి నల్ల గుడ్డ, ఒళ్ళో బుట్ట. ఆ విదేశీయులకి ఒక గైడు రావాలి. ఈ ద్వీపం మనిషే, భోజనం బుట్టతో బస్సులో కలుస్తుందని వాళ్ళకి చెప్పారు. ఆ అసలు గైడు బస్సు అందుకోలేక, సరిగ్గా అప్పుడే మనూసోస్ హోటల్లో కాఫీ చెప్పుకుంటోంది. అది వీళ్ళకేం తెలుసు? ఓ పొడుగాటాయన వంగి, అరిస్తేయాని చూసి, "గైడ్?" అన్నాడు.

బాగున్నావా అని అడుగుతున్నాడేమో అనుకుందామె. "గుడ్, గుడ్" అంది.

అంతే, బస్సంతా చప్పట్లు కొట్టింది. ఎంత మర్యాదస్తులో అనుకుందామె. కొండ మీద బస్సాగగానే ఆ పొడుగాటాయన చెయ్యి అందించి ఆమెను దింపాడు, బుట్ట కూడా తీసుకున్నాడు. ఆమె నడిచింది. వాళ్ళూ నడిచారు. ఆమె ఆగింది. వాళ్ళూ ఆగారు. ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగేసరికి, అందరూ ఆమె మొహంలోకే ఆశగా చూస్తున్నారు, చర్చిలో పాదిరీ వైపు చూసినట్టు.

అరిస్తేయాకి వచ్చిన పరాయి భాషంతా హోటల్లో నేర్చుకున్నదే. తాజాది, ఇవాళ్టిది, కాస్త ఆగండి, ముళ్ళుంటాయి జాగ్రత్త, అయిపోయింది. ఇంతకు మించి రాదు. వీళ్ళు ఏదో ఒకటి వినాలనుకుంటున్నారు, ఇంటికొచ్చిన వాళ్ళని నిరాశపరచడం ఆమెకి చేతకాదు. కాబట్టి ఊట కనబడినచోట, "తాజాది! ఇవాళ్టిది!" అంది. అందరూ దోసిళ్ళతో తాగి, నిజమే నిజమే అని తలలూపారు. రాళ్ళ గుట్ట దగ్గర, "ముళ్ళుంటాయి జాగ్రత్త" అంది. వాళ్ళు చూసి చూసి అడుగులేశారు. కొండ అంచున కొమ్ములు తిరిగిన అడవి మేక ఒకటి నిలబడి, చటుక్కున మాయమైతే, "అయిపోయింది. రేపు రండి" అంది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇంత లోతైన మాట ఏ గైడూ ఇంతవరకూ చెప్పలేదట.

నిజానికి అరిస్తేయాకి వాళ్ళ మీద ధ్యాసే లేదు. వేడెక్కిన దేవదారు చెట్ల వాసన, అడుగున గులకరాళ్ళ మీద సన్నగా పారే నీళ్ళు, రాతి సందుల్లో గులాబీరంగు గన్నేరు. ఇన్నేళ్ళూ ఇదంతా ఇంటి వెనకే ఉంది. గుమ్మం ఇంకా ముందుంది. ఆ తలపుతోనే ఆమె మోకాలి నొప్పి మరిచిపోయింది.

దారి మధ్యలో బోదిల్ అనే పెద్దావిడ చీలమండ బెణికింది. ఆవిడ డెన్మార్కు మనిషి, మంచి భారీ మనిషి. అరిస్తేయా తలగుడ్డ విప్పి ఆవిడ కాలికి కట్టింది. అందుకు బదులుగా ఆవిడ తన గొడుగంత గడ్డిటోపీని అరిస్తేయా తలకి పెట్టి, ఎండ తగలకుండా పచ్చటి తువ్వాలొకటి భుజాలకి చుట్టింది. తర్వాత తన బరువులో సగం అరిస్తేయా మెడ మీద వేసి కుంటసాగింది.

ఇక కింద ఊళ్ళో, మనూసోస్ చెల్లెలు గరూఫలియా, వదిన పన్ను ఊడిందా లేదా తెలుసుకుందామని డాక్టరుకి ఫోన్ చేసింది. డాక్టరు వాళ్ళకి దూరపు చుట్టమే. ఆయన పడవలో ఉన్నాడు, చేపలు పడుతున్నాడు. ఆసుపత్రి వారమంతా మూతట. కాసేపటికి కొండ మీంచి బస్సు డ్రైవరు తిరిగొచ్చాడు.

"అరిస్తేయానా? పంటి డాక్టరు దగ్గరికి కాదే! లోయ దగ్గర దిగింది. ఒక పొడుగాటి విదేశీయుడు చెయ్యి పట్టుకుని దింపాడు. బుట్ట కూడా వాడే మోస్తున్నాడు."

ఈ ముక్క గరూఫలియా చెవిన పడితే ఊరంతా మైకు పెట్టినట్టే. కూరగాయల బండి దగ్గరికి వెళ్ళేసరికి ఆ విదేశీయుడికి పడవ వచ్చింది. రొట్టెల కొట్టు దగ్గర ఆ పడవ ఓడయింది. హోటల్‌కి చేరేసరికి అతనికి భార్య చనిపోయి, మంచు దేశంలో పెద్ద భవంతి ఉంది.

"మోకాలి నొప్పితో మేడ మెట్లే ఎక్కలేదు. విదేశీయుడితో లేచిపోతుందా?" అని నవ్వాడు మనూసోస్.

"ప్రేమకి మోకాళ్ళతో పనేముంది అన్నయ్యా?" అంది గరూఫలియా.

ఆయన మళ్ళీ నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. ప్రతి వసంతంలోనూ అరిస్తేయా ఒక మాట అడిగేది. "ఒక్కసారి లోయలో నడిచొద్దామయ్యా." ప్రతిసారీ ఆయన, "అయితే చేపలెవరు వేపుతారు? పనిలేని వాళ్ళ నడకలు మనకెందుకు?" అనేవాడు. ఈ వసంతంలో ఆమె అడగలేదు. అడగకపోవడం ఆయన ఇప్పుడే గమనించాడు. అడగడం మానేసిన ఆడదాని గురించి భయపడాలని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

లేచి, ఉన్నపళంగా లోయ వైపు పరుగెత్తాడు.

"అన్నయ్యా, కత్తి!" అని అరిచింది గరూఫలియా.

ఉంది అన్నట్టు చెయ్యెత్తి చూపించి వెళ్ళిపోయాడు. చేపలు కోసే కత్తి అది. ఏప్రను నిండా రక్తం కూడా చేపలదే. కానీ లోయలో ఎదురుగా దిగుతున్న వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఓ మనిషి రొప్పుతూ, కత్తి ఆడిస్తూ, "ఆడమనిషి! నల్ల గౌను! ఎక్కడ?" అని అరుస్తూ పైకొస్తున్నాడు. ముందు నడుస్తున్న కుర్రజంట ఒకటి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పైకి పరుగు లంకించుకుంది.

వాళ్ళు అరిస్తేయా గుంపుకి ఎదురయ్యారు. "కత్తి! మనిషి! రక్తం!" అన్నారు. ఆ మూడు మాటలూ హోటల్ భాషకి దగ్గరివే కాబట్టి ఆమెకి అర్థమయ్యాయి. మేకల దొంగ అయివుంటాడనుకుంది. ఇంతమంది ఆమెని నమ్ముకుని వచ్చారు. దారి ఒక్కటే, అది ముందుకే.

"ఎవరూ తల ఎత్తొద్దు. వాడి మొహం చూడొద్దు. గబగబా దాటెయ్యండి" అని సైగలతో చెప్పి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, బోదిల్ని భుజాన వేసుకుని, గులకరాళ్ళే చూస్తూ నడిచింది. వెనక అందరూ అలాగే, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వచ్చారు. ఒకచోట చల్లబడింది. అడుగుల చప్పుడు రెండు వైపులా మోగింది. రాళ్ళ మధ్య రెండు మగ చెప్పులు, వాటి పక్కన నేల మీద పడివున్న కత్తి కనబడ్డాయి. ఆమె ఊపిరి బిగబట్టి వాటిని దాటేసింది. ఆ తర్వాత ఎండ పడింది, సముద్రపు గాలి తగిలింది.

"గుమ్మం ఎప్పుడొస్తుంది?" అని అడిగింది కాసేపయ్యాక, చేతులు చాచి చూపిస్తూ.

పొడుగాటాయన వెనక్కి చూపించాడు. దాటేశాం అన్నాడు.

అరిస్తేయా అక్కడే నిలబడిపోయింది. వెనక్కి వెళ్దామా అన్నట్టు ఒక అడుగు వేసింది. బోదిల్ మూలిగింది. అరిస్తేయా అడుగు మళ్ళించుకుని ఊరి వైపు నడిచింది. కన్నీళ్ళు ఆగలేదు. భయం తీరిన ఏడుపనుకుని టూరిస్టులందరూ ఆమె వీపు నిమిరారు.

హోటల్ కిటకిటలాడుతోంది. వంటింట్లో, తన పొయ్యి దగ్గర, తన ఏప్రన్‌లో ఎవరో కొత్తావిడ చేపలు వేపుతోంది. ఆవిడే అసలు గైడు, కల్లిరోయి. యజమాని పారిపోయి, యజమానురాలు లేచిపోయి, ఆకలిగొన్నవాళ్ళు బల్లలు చరుస్తుంటే ఉండబట్టలేక పొయ్యి వెలిగించిందట.

గరూఫలియా వదినని చూసి కావిలించుకుంది. "వచ్చేశావా వదినా! వాడు వదిలేశాడా?"

"ఎవడు?"

"ఓడ వాడు!"

సంగతంతా విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. మనూసోస్ కత్తితో లోయలోకి వెళ్ళాడని వినగానే, అరిస్తేయాకి ఆ రెండు చెప్పులూ కళ్ళ ముందు మెదిలాయి. ఎడమదాని పట్టీ తెగితే తనే తాడుతో కుట్టింది.

ఎండ మెత్తబడ్డాక మనూసోస్ వచ్చాడు. నెమ్మదిగా, ఏదో వింటున్నవాడిలా నడిచి వచ్చాడు. భార్యని చూసి, ఏమీ అడక్కుండా, ఒక బల్ల సముద్రం వైపు తిప్పి, ఆమెని కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చున్నాడు. వాళ్ళ హోటల్లో వాళ్ళిద్దరూ కస్టమర్లలా కూర్చోవడం అదే మొదటిసారి.

"నేను అడగాల్సింది చాలా ఉంది. కానీ ముందు ఇది విను" అన్నాడు. "నీకోసమే పరుగెత్తానే. గుమ్మం దాకా వెళ్ళాను. పైకి చూశాను. ఇక కాళ్ళు కదల్లేదు. రెండు కొండలూ ఏదో రహస్యం చెప్పుకోబోయి ఆగిపోయినట్టున్నాయి. చేతిలోంచి కత్తి ఎప్పుడు జారిపడిందో కూడా తెలీదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే నాకు?"

"ఏడాదికోసారి చెప్పాను."

ఆయన తల దించుకున్నాడు. తర్వాత గుర్తొచ్చి, "మధ్యలో ఓ విదేశీ మంద వచ్చింది. అంత దూరం వచ్చి, తలలు దించుకుని గొర్రెల్లా పరుగు! ముందు నడిచేది మరీ తెలివితక్కువది. పచ్చ తువ్వాలు, ఇంత టోపీ. కాలి కింద రాళ్ళు తప్ప ఏమీ చూడలేదు. జాలేసింది" అన్నాడు.

అరిస్తేయా పక్క కుర్చీ మీది టోపీ తీసి తలకి పెట్టుకుంది.

మనూసోస్ ఆ టోపీ కేసి చూశాడు. ఆయన నవ్వలేదు. బల్ల మీంచి చెయ్యి చాపి ఆమె చేతి మీద వేశాడు.

"రేపు హోటల్ మూసేద్దాం. ఇద్దరం వెళ్దాం. తల ఎత్తుకుని నడుద్దాం."

"చేపలు?"

"సముద్రంలో ఉంటాయి."



మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మంచి బట్టలు వేసుకుని, బుట్ట సర్దుకుని బస్సు దగ్గర నిలబడ్డారు. బస్సు రాలేదు. అటవీ శాఖ కాపలాదారు వచ్చి, లోయకి గొలుసు వేసేశామని చెప్పాడు. లోపల ఓ హంతకుడు తిరుగుతున్నాడట. ఆరడుగుల పైమాటేనట, ఒళ్ళంతా రక్తమట, చూసినవాళ్ళు డజన్లకొద్దీ ఉన్నారట. వాడు దొరికేదాకా లోయ తెరవరట.

అరిస్తేయా లోయ వైపు చూస్తూ నిలబడింది. పొద్దుటి ఎండ కొండల కొసలకి అప్పుడే తగులుతోంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

ఆ దుర్మార్గుడి చేతులు పడిపోవాలని ఊరందరితో పాటు మనూసోస్ కూడా శాపనార్థాలు పెట్టాడు.